తుఫాను టేలరు

హాకీ అను మాట వినగానే మన కనులకు గోచరించునది పచ్చిక మైదానము, కొన వంగిన కర్ర, తెల్లని బంతి. 1928వ సంవత్సరమున ఆంస్టర్‌డామ్ నగరమున భారత జట్టు ఒలింపిక్ స్వర్ణపతకము గెలిచిన నాటినుండి అది మన ఇంటి ఆట వంటిదే అయినది. ధ్యాన్‌చంద్ పేరు ఎరుగని క్రీడాభిమాని మన దేశమున లేడు. కాని ఇదే పేరు గల ఆట మరియొకటి ఉన్నది. ఆరు నెలలు నదులు, చెరువులు గడ్డకట్టి యుండు కెనడా దేశమున అది పుట్టి పెరిగినది. అక్కడి వారికి హాకీ యనగా అదియే. మన ఆటను వారు మైదానపు హాకీ యని వేరు చేసి చెప్పుదురు.

ఆ మంచు హాకీలో బంతి లేదు. గట్టి రబ్బరుతో చేసిన గుండ్రని బిళ్ల ఒకటి ఉండును. దానిని పక్ అందురు. ఆటగాండ్రు అడుగున ఉక్కు పట్టీలమర్చిన జోళ్లు తొడిగి, గాజువలె నున్నగా గడ్డకట్టిన నీటిపై జారుచు, పొడవైన కర్రలతో ఆ బిళ్లను తరుముచు, ఎదిరి గోలులోనికి కొట్టుదురు. మనిషి తన కాళ్ల బలముతో పోగలిగినంత వేగమంతయు ఆ ఆటలో కానవచ్చును. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఒక్కొక్క జట్టునకు ఏడుగురు. ముప్పది నిమిషముల చొప్పున రెండు భాగములు. దిగినవాడు చివరివరకు నిలిచి ఆడవలసినదే. అలసినవాని స్థానమున మరియొకరిని పంపుట అలవాటు కాదు.

ఆ కాలమున ఆ ఆటకు డబ్బు పుచ్చుకొనుట తప్పు. తప్పు మాత్రమే కాదు, అపచారము. అట్టి కాలమున పుట్టి, ఆటనే జీవనోపాధిగా చేసికొని, ఆ దేశమున మంత్రులకు లేని కీర్తి గడించినవాడు ఫ్రెడ్ టేలరు. జనులు అతనికి ‘తుఫాను’ అని బిరుదు పెట్టినారు. అతని కథను మేమిచ్చట చెప్పబూనుటకు ఆట యొక్కటే కారణము కాదు. అతడు ఆటతోపాటు ఒక సర్కారు ఉద్యోగము కూడ చేసినాడు. ఆ ఉద్యోగము అతనిని ఒకనాడు మన దేశీయుల ఎదుట నిలువబెట్టినది. ఆ సంగతి వరుసలో వచ్చినపుడు చెప్పెదము.

టేలరు ఆంటారియో రాష్ట్రమున తారా అను చిన్న ఊరిలో పందొమ్మిదవ శతాబ్దపు ఎనుబదుల నడుమ జన్మించినాడు. 1884 అని అధికుల మతము. తండ్రి వ్యవసాయపు యంత్రములు అమ్ముచు ఊరూర తిరుగు సామాన్యుడు. కుటుంబము లిస్టొవెల్ అను పట్టణమునకు చేరినపుడు పిల్లవానికి ఆరేండ్లు. ఆ ఊరి క్షురకుడొకడు మంచుపై జారుటలో గొప్ప నేర్పరి. అతని వెంటబడి పిల్లవాడు ముందుకును వెనుకకును సమానమైన వేగముతో జారుట నేర్చినాడు. పదునేడవ ఏట చదువు చాలించి పియానోలు చేయు కర్మాగారమున పనికి కుదిరినాడు. పగలు కర్మాగారము, సాయంకాలము మంచు. లిస్టొవెల్ కుర్రవాండ్ర జట్టులో అతని వేగమును గూర్చి చుట్టుపట్ల ఊళ్లలో చెప్పుకొనసాగినారు.

ఆంటారియో హాకీ సంఘము అప్పటికి గట్టి వ్రేళ్లు తన్నిన సంస్థ. ఆట పెద్దమనుష్యులది, పారితోషికము పుచ్చుకొన్నవాడు పెద్దమనిషి కాడు అని దాని సిద్ధాంతము. ఈ సిద్ధాంతము విన సొంపుగా ఉన్నది. కాని దానిని కనిపెట్టిన వారికి బ్యాంకులలోను, న్యాయస్థానములలోను, వర్తకములోను వేరే రాబడి ఉన్నది. కర్మాగారమున పనిచేయు కుర్రవాడు ఆటకై ఒకరోజు పని మానుకొన్నచో ఆ దినపు కూలి పోయినట్లే. డబ్బు గలవాని ధర్మము డబ్బులేనివానికి శిక్ష అగుట లోకమున క్రొత్త కాదు.

ఆ సంఘపు కార్యదర్శి విలియం హెవిట్. రేడియో వినువారికి ఈ ఇంటిపేరు ముచ్చట గొలుపును. ఏలయన, 1923లో టొరాంటో నగరమునుండి మంచు హాకీ ఆటను రేడియోలో వర్ణించి, తరువాత నలుబది యేండ్లు కెనడా ప్రజల చెవులకు ఆ ఆటను అందించిన ఫాస్టర్ హెవిట్ ఇతని కుమారుడే. విలియం హెవిట్ టేలరును టొరాంటోలోని మార్ల్‌బరోస్ జట్టులో చేరుమని అడిగినాడు. తన ఊరు, తన స్నేహితులు, తన పని విడిచి రాలేనని టేలరు చెప్పినాడు. ఐనచో ఈ రాష్ట్రమున ఎక్కడను ఆడజాలవని కార్యదర్శి శాసించినాడు. అట్లే జరిగినది. 1904–05 శీతకాలమంతయు ఆ కుర్రవాడు ఆటకు వెలియై గట్టుమీద కూర్చుండవలసి వచ్చినది. అతడు చేసిన నేరమెల్ల ఒకచోటికి రానని చెప్పుట మాత్రమే.

ఈ సంగతిని మనము గుర్తుంచుకొందము. మనిషి ఎక్కడ ఉండవలెనో, ఎక్కడ పనిచేయవలెనో నిర్ణయించు అధికారము ఒక కార్యాలయము చేతిలో ఉండుట యెట్టిదో టేలరు ఇరువది యేండ్ల వయసుననే చవిచూచినాడు.

1906 జనవరిలో అతడు రైలెక్కి పడమరకు, మనిటోబా రాష్ట్రమునకు పోయినాడు. పోర్టేజ్ లా ప్రైరీ అను పట్టణపు జట్టువారు భోజనము, వసతి, నెలకు ఇరువదియైదు డాలర్ల చేతిఖర్చు ఇచ్చి ఆడించుకొన్నారు. నెల తిరుగకముందే అతని పేరు సరిహద్దు దాటి అమెరికా సంయుక్త రాష్ట్రములకు చేరినది.

అచ్చట మిషిగన్ రాష్ట్రపు ఉత్తరపు కొసన రాగి గనుల ప్రాంతము కలదు. గనులు లాభములు పండించుచుండెను. పనివారి చేతిలో కూలి యుండెను. దీర్ఘమైన శీతకాలమున వారికి వినోదము కావలసి యుండెను. హౌటన్ అను పట్టణమున జాన్ గిబ్సన్ అను కెనడా దేశీయుడు పండ్ల వైద్యము చేయుచుండెను. అతడు స్వయముగా ఆటగాడు. పెద్దమనుష్యుల సంఘములు వెలివేసిన వారికి బాహాటముగా జీతమిచ్చి ఆడించినచో జనము వచ్చునని అతడు గ్రహించినాడు. ఆ విధముగా 1904లో అంతర్జాతీయ ప్రొఫెషనల్ హాకీ లీగు ఏర్పడినది. ఆటగాండ్రకు జీతమిచ్చుచున్నామని దాచక చెప్పిన మొదటి లీగు అదియే. హౌటన్, కాల్యుమెట్, పిట్స్‌బర్గ్, సరిహద్దుకు ఇరుప్రక్కల నున్న రెండు సూ సెంట్ మేరీలు – ఐదు జట్లు. టేలరు హౌటన్ జట్టైన పోర్టేజ్ లేక్స్‌లో చేరినాడు. 1906లోను, 1907లోను ఆ జట్టే లీగు విజేత.

ఆ లీగు మూడేండ్లకంటె బ్రతుకలేదు. దేశమున ద్రవ్యసంకటము వచ్చినది; గనుల ఊళ్లకు ఖర్చు భారమైనది. అంతకంటె ముఖ్య కారణము వేరొకటి. కెనడా తూర్పు ప్రాంతపు పెద్ద జట్లు తమ ఆటగాండ్రు సరిహద్దు దాటిపోవుట చూచి, 1906–07 నాటికి తామును జీతగాండ్రను పెట్టుకొనుటకు సమ్మతించినవి. 1892లో గవర్నరు జనరలు స్టాన్లీ ప్రభువు అమెచ్యూరు ఆటగాండ్రకై దానమిచ్చిన వెండి పాత్రకు, అనగా సుప్రసిద్ధమైన స్టాన్లీ కప్పునకు, నాటినుండి జీతగాండ్రును పోటీ పడసాగినారు. నిన్నటి అపచారము నేటి ఆచారమైనది. చిన్న గనుల పట్టణము పెద్ద నగరములచేత తన దారి పట్టించి తాను కనుమరుగైనది.

1907 చివర టేలరు రాజధానియైన ఒట్టావా నగరపు జట్టున చేరినాడు. ఒప్పందము గమనింపదగినది. శీతకాలమునకు ఐదువందల డాలర్లు. దానితోపాటు కేంద్ర ప్రభుత్వమున స్థిరమైన ఉద్యోగము. అంతరంగ వ్యవహారముల శాఖలో విదేశీయుల వలసలు చూచు విభాగమున చిన్న గుమాస్తా పని. జీతము నెలకు సుమారు ముప్పదియైదు డాలర్లు. కాలు విరిగిన మరునాడు ఆటగానికి అన్నము లేదు. కావున ఆటకంటె ఆ గుమాస్తా కుర్చీయే టేలరునకు ఎక్కువ ఆకర్షణయైనది. ఆట ఒక వెలుగు. ఉద్యోగము ఒక నీడ. కూలికి ఆడిన తొలి తరము వారికి ఈ రెండును కావలసి వచ్చినవి.

1908 జనవరిలో ఒట్టావా జట్టు క్రొత్త మంచు మందిరమున మాంట్రియల్ వాండరర్స్ జట్టును ఎదుర్కొన్నది. గవర్నరు జనరలు గ్రే ప్రభువు చూడవచ్చినాడు. టేలరు వెనుక వరుసలోని రక్షకుడు. కాని పక్ చేతికి చిక్కగానే గాలివలె ముందుకు దూసికొనిపోయి గోలు చేయుచుండెను. వీడు నిజముగా తుఫానే యని గవర్నరు జనరలు ప్రక్కవారితో అన్నాడట. ఒక పత్రికా విలేఖరి విని మరునాడు అచ్చు వేసినాడట. నిజమెంతయో గాని పేరు మాత్రము నిలిచినది. ఫ్రెడ్ టేలరు ఆనాటినుండి ‘సైక్లోన్’ టేలరైనాడు. 1909లో ఒట్టావా జట్టు స్టాన్లీ కప్పును గెలిచినది.

అటుపిమ్మట జరిగినది కథలవలె వినిపించును. ఒట్టావాకు పడమట రెన్‌ఫ్రూ అను చిన్న పట్టణమున్నది. వెన్న తీయు కర్మాగారములచే దానికి పేరు వచ్చినది. ఆ ఊరి ధనికుడు ఎం. జె. ఓబ్రయన్ రైలుమార్గములు నిర్మించి, కోబాల్టు వెండి గనులలో కోట్లు గడించినవాడు. తన ఊరికి స్టాన్లీ కప్పు తేవలెనని అతనికి, అతని కుమారుడు ఆంబ్రోసునకు పట్టుదల. పెద్ద నగరముల సంఘమువారు పల్లెటూరి జట్టును చేర్చుకొనమని తలుపు మూసినారు. 1909 డిసెంబరులో ఓబ్రయన్ వర్గము మాంట్రియల్ నగరమున తామే నేషనల్ హాకీ అసోసియేషన్ అను క్రొత్త సంఘమును స్థాపించినది. ఫ్రెంచివారి జట్టుగా నేటికిని ప్రఖ్యాతమైన మాంట్రియల్ కెనడియన్స్ ఆ సందర్భముననే ఓబ్రయన్ డబ్బుతో పుట్టినది.

ఇక రెన్‌ఫ్రూవారు ఆటగాండ్రను కొనసాగినారు. లెస్టర్ పాట్రిక్, ఫ్రాంక్ పాట్రిక్ అను సోదరులను రప్పించినారు. టేలరునకు పండ్రెండు ఆటల శీతకాలమునకు 5,250 డాలర్లు ఇచ్చినట్లు ప్రసిద్ధి. లెక్క వేసి చూడుడు: ఆటకు 437 డాలర్ల పైచిలుకు. ఒట్టావా కార్యాలయమున గుమాస్తాగా ఏడాది పొడుగున కాగితములు త్రిప్పినను అతనికి అంత రాదు. ఒక గంట మంచుపై జారుటకు ఒక సంవత్సరపు జీతము! ప్రజలు ఆ జట్టుకు ‘క్రీమరీ కింగ్స్’ అని పేరు పెట్టినారు. మన భాషలో చెప్పవలెనన్న వెన్న రాజులు.

ఒట్టావా ప్రజలకు ఇది ద్రోహముగా తోచినది. నిన్నటివరకు భుజములపై మోసినవానిని నేడు శత్రువుగా ఎంచినారు. అంతలో టేలరు ఏదో మాటల సందర్భమున, ఒట్టావా జట్టు నడుమనుండి వెనుకకు జారుచునే పోయి గోలు కొట్టెదనని ప్రగల్భములు పలికినట్లు పత్రికలలో వచ్చినది. 1910 ఫిబ్రవరిలో రెన్‌ఫ్రూ జట్టు ఒట్టావాకు రాగా జనము కుళ్లిన పండ్లు, నిమ్మకాయలు, ఇంకను చెప్పదగని వస్తువులు అతనిపై విసరినారు. ఆనాడు ఒట్టావా 8–5 గోలులతో గెలిచినది. టేలరునకు ఒక్క గోలైనను రాలేదు.

మార్చిలో రెన్‌ఫ్రూలో మరల ఇరుజట్లు తలపడినవి. ఈమారు రెన్‌ఫ్రూ 17–2 గోలులతో ఒట్టావాను చిత్తు చేసినది. ఆ ఆటలోనే టేలరు వెనుకకు జారుచు పోయి గోలు కొట్టినాడని చెప్పుకొందురు. కొందరు చాల దూరము అట్లే పోయినాడన్నారు. కొందరు చివరి నాలుగడుగులు మాత్రమే వీపు త్రిప్పి, కర్రను వెనుకకు విదిలించినాడన్నారు. పురాణమునకు, పత్రికా వార్తకు నడుమ నున్న సందులో ఆ గోలు నేటికిని వ్రేలాడుచున్నది. లిస్టొవెల్ క్షురకుని వెంటబడి బాల్యమున నేర్చిన విద్యయే అది యని మాత్రము మనము గ్రహింపవచ్చును.

ఇంత చేసియు రెన్‌ఫ్రూకు కప్పు దక్కలేదు. జట్ల యజమానులకు మాత్రము ఒక పాఠము దక్కినది. 1910–11 శీతకాలమునకు పూర్వము వారందరు ఏకమై, జట్టు మొత్తమునకు జీతముల క్రింద ఐదువేల డాలర్లకు మించరాదని కట్టడి చేసినారు. గడచిన ఏడు ఒక్క టేలరునకే అంతకు మించి ముట్టినది! ఆటగాండ్రు కోపించి, తామే వేరు లీగు పెట్టుకొందమని ప్రయత్నించినారు. కాని మంచు మందిరములన్నియు యజమానుల అధీనమున నున్నవి. నేల ఎవరిదో పంట వారిదే యను న్యాయము మంచుకును వర్తించినది. ఆటగాండ్రు లొంగిపోయినారు. ఒక శీతకాలము గడచునప్పటికి రెన్‌ఫ్రూ జట్టు మూతపడినది. దాని ఆటగాండ్రను సంతలో పశువులవలె తక్కిన జట్లకు పంచినారు. టేలరు మాంట్రియల్ వాండరర్స్ వంతు వచ్చినాడు. తన ఉద్యోగము ఒట్టావాలో నున్నది, మాంట్రియల్ పోనని అతడు మొండికెత్తినాడు. ఆ విధముగా 1911–12 శీతకాలము, ఇంచుమించు మొత్తముగా, మరల గట్టుమీద గడచినది. మొదట పెద్దమనుష్యుల సంఘము వెలివేసినది. ఇపుడు వర్తకుల సంఘము వెలివేసినది. కారణము రెండుమారులును ఒక్కటే: చెప్పినచోటికి పోకుండుట.

ఈ చిక్కునుండి టేలరును తప్పించినవారు పాత స్నేహితులైన పాట్రిక్ సోదరులు. వారి తండ్రి కలప వ్యాపారమును అమ్మివేసి ఆ ధనమును కుమారుల చేతికిచ్చినాడు. పసిఫిక్ తీరమున చలి తక్కువ, చెరువులు గడ్డకట్టవు. అందుచేత వారు 1911లో విక్టోరియా, వాంకూవర్ నగరములలో యంత్రములతో మంచును తయారుచేయు మందిరములు కట్టించినారు. వాంకూవర్‌లోని డెన్మన్ మందిరమున పదివేలమందికి పైగా కూర్చుండవచ్చును. పసిఫిక్ కోస్ట్ హాకీ అసోసియేషన్ వారి సృష్టి. ఆటగాండ్ర చొక్కాలపై అంకెలు, మంచుపై నీలి గీతలు, నడిమి భాగమున పక్‌ను ముందుకు అందించు స్వేచ్ఛ – ఇట్టి మార్పులు అచ్చట వేళ్లూనినవి. 1912లో టేలరు వాంకూవర్ మిల్లియనీర్స్ జట్టులో చేరినాడు. అతని ప్రభుత్వోద్యోగము కూడ అతనితోపాటు వాంకూవర్ రేవునకు బదిలీ అయినది.

అక్కడ అతడు రక్షకుని స్థానము విడిచి, మైదానమంతయు స్వేచ్ఛగా సంచరించు ఏడవవాని స్థానమున ఆడినాడు. తుఫానునకు తగిన చోటు దొరకినది. లీగులో ఐదుమారులు అందరికంటె ఎక్కువ పాయింట్లు అతనివే. 1914 మార్చిలో తాను ఒట్టావాలో ప్రేమించిన థర్జా కుక్కును వివాహమాడి వాంకూవర్‌లో కాపురము పెట్టినాడు. ఆ వసంతమున అతని జీవితమున లోటనునది కానరాలేదు.

ఇప్పుడు మనము ఆదియందు చెప్పిన సంగతికి వచ్చుచున్నాము.

1914 మే 23వ తేదీన వాంకూవర్ రేవున కొమగతమారు అను జపాను ఓడ లంగరు వేసినది. గురుదిత్ సింగ్ అను వర్తకుడు దానిని అద్దెకు తీసికొని హాంకాంగ్ నుండి నడిపించుకొని వచ్చినాడు. అందు 376 మంది ప్రయాణికులు. ఇంచుమించు అందరును పంజాబీలు. సిక్కులు 340, ముస్లిములు 24, హిందువులు 12. వారు బ్రిటిష్ సామ్రాజ్యపు ప్రజలు. కెనడా బ్రిటిష్ సామ్రాజ్యపు దేశము. సామ్రాజ్యమున ఒక మూలనుండి మరియొక మూలకు కూలికై పోవుటకు తమకు హక్కున్నదని వారి వాదము. కాని కెనడా ప్రభుత్వము 1908లోనే ఒక ఉత్తరువు చేసి యుంచినది. స్వదేశమున టిక్కెట్టు కొని, ఎక్కడను ఆగక, ఒకే ప్రయాణమున వచ్చినవారే దిగవలెను. భారతదేశమునుండి కెనడాకు నేరుగా పోవు ఓడయే లేదు. పైగా ఆసియావారు ఒక్కొక్కరు చేత 200 డాలర్లు చూపవలెనని మరియొక నిబంధన. భారతీయుల పేరెత్తకయే భారతీయులకు తలుపు మూసిన చట్టమది.

ఆ ఓడ ఎక్కిన మొదటి కెనడా అధికారి వలస శాఖోద్యోగియగు ఫ్రెడ్ టేలరు అని చెప్పుదురు. చూడుడు, విధి విచిత్రము. మంచుపై ఎక్కడ డబ్బు దొరకిన అక్కడికి పోవు స్వేచ్ఛకై రెండుమారులు వెలి అయినవాడు, కూలికై సముద్రము దాటి వచ్చినవారి ఎదుట కాగితములు పట్టుకొని నిలిచినాడు. అతనికి ఆ కూలి గంటకు నాలుగు వందల డాలర్లు దాక పలికినది. వీరికి గట్టుపై అడుగు పెట్టు అవకాశము కూడ లేకపోయినది.

రెండు నెలలు ఓడ నీటిపైననే నిలిచినది. అన్నపానములకు కటకట. ఒడ్డున నున్న సిక్కు సోదరులు చందాలు పోగుచేసి అద్దె కట్టినారు, న్యాయవాదులను పెట్టినారు. జులై 6న రాష్ట్రపు అప్పీలు కోర్టు ప్రభుత్వపక్షముననే తీర్పు చెప్పినది. జులై 19 తెల్లవారకముందు పోలీసులు, వలస అధికారులు ‘సీ లయన్’ అను చిన్న నావలో వచ్చి ఓడను బలవంతముగా ఆక్రమింప జూచినారు. ప్రయాణికులు బొగ్గు పెళ్లలు విసరి వారిని తరిమివేసినారు. అంతట ‘రెయిన్‌బో’ అను యుద్ధనౌకను రప్పించినారు. పూర్వము కెనడాలో నివసించినట్లు రుజువైనవారు మొదలగు ఇరువదినలుగురు తప్ప తక్కిన వారందరును జులై 23న వెనుదిరిగినారు. సెప్టెంబరు 29న కలకత్తా దగ్గర బజ్‌బజ్ రేవున పోలీసులతో సంఘర్షణ జరిగి, కాల్పులలో ఇరువదిమంది ప్రయాణికులు ప్రాణములు కోల్పోయినారు.

ఆ వార్త పసిఫిక్ తీరమంతట గదర్ పార్టీకి ఆజ్యము పోసినది. ఆ తీరమున కాలిఫోర్నియాలో చదువుచు ఆ పార్టీలో చేరిన తెలుగువారు దరిశి చెంచయ్య గారు. తరువాత వారు ఏండ్ల తరబడి కారాగారవాసము అనుభవించినారు. ఆ విధముగా ఆ ఓడ కథ మన ఇంటికిని సంబంధించినదే.

ఆ విధానమును నిర్మించినవాడు టేలరు కాడు. శాసనము ఒట్టావాలో పుట్టినది. ఊరిలోని ఉద్రేకము ఊరి నాయకులది. అచ్చటి వలస కార్యాలయాధిపతి వేరొకడు. ఇతడు ఆజ్ఞలను అమలుచేసిన ఉద్యోగి మాత్రమే. కాని చరిత్రలో తలుపులు మూయునవి ఆజ్ఞలు కావు, ఉద్యోగుల చేతులు. వార్ధక్యమున టేలరు ఆ సంగతిని తలచుకొని, అది ఘోరమైన వ్యవహారమనియు, అందులో ఎవరును గర్వింపదగినది ఏమియు లేదనియు చెప్పినట్లు తెలియుచున్నది. ఆ మాట చెప్పినందుకు మేమతనిని మెచ్చుకొందుము. ఆలస్యముగా చెప్పినందుకు మాత్రము విచారింతుము.

ఓడ వెడలిపోయినది. పదిరోజులు తిరుగకమునుపే ఐరోపాలో మహాసంగ్రామము మొదలైనది. శీతకాలము రాగా డెన్మన్ మందిరమున దీపములు వెలిగినవి. ఆ మందిరము నిలిచినది కూడ ఓడ లంగరు వేసిన ఆ సముద్రపు పాయ ఒడ్డుననే. 1915 మార్చిలో టేలరు పాత ఊరైన ఒట్టావా జట్టు స్టాన్లీ కప్పుకై వాంకూవర్ వచ్చినది. 6–2, 8–3, 12–3 – వరుసగా మూడాటలు గెలిచి వాంకూవర్ కప్పు చేజిక్కించుకొన్నది. పసిఫిక్ తీరమునకు ఆ కప్పు వచ్చుట అదియే ప్రథమము. 1918లో టేలరు పదునెనిమిది ఆటలలో 32 గోలులు కొట్టినాడు. ఆ యేడు టొరాంటోలో జరిగిన కప్పు పోటీలో తూర్పువారి ఆరుగురి నియమమున ఒకరోజు, పడమటివారి ఏడుగురి నియమమున ఒకరోజు ఆడి, చివరి ఆటలో వాంకూవర్ ఓడినది.

1917లో మాంట్రియల్‌లో పుట్టిన నేషనల్ హాకీ లీగు నేడు ప్రపంచమంతట పేరుగాంచినది. టేలరు దానిలో ఒక్క ఆటయైనను ఆడలేదు. 1921లో అతడు విరమించుకొన్నాడు. మరి రెండేండ్లకు ఒక్క ఆటలో కనబడి శాశ్వతముగా కర్రను దించినాడు. 1936లో డెన్మన్ మందిరము అగ్నికి ఆహుతియైనది. యంత్రపు మంచును, పదివేల ఆసనములను, వానిపై కూర్చుండి కేకలు వేసిన జనముల జ్ఞాపకములను అది తనతో తీసికొనిపోయినది.

ఉద్యోగము మాత్రము ఆటకంటె చాల కాలము నిలిచినది. టేలరు ఒక్కొక్క మెట్టే ఎక్కి, బ్రిటిష్ కొలంబియా, యూకాన్ ప్రాంతములకు వలస శాఖాధ్యక్షుడై 1950లో పదవీ విరమణ చేసినాడు. 1946లో ఆ సేవకు రాజబిరుదము లభించినది. 1947లో ఆటకు గాను హాకీ కీర్తిమందిరమున చోటు లభించినది. టొరాంటోలో ఆ మందిరమునకు భవనము కట్టదలచినపుడు మొదటి పార మన్ను తీసినది ఆ వృద్ధుని హస్తమే. 1979 జూన్‌లో తొంబదినాలుగేండ్ల వయసున వాంకూవర్‌లో కన్నుమూసినాడు. కొమగతమారు విషయమున బ్రిటిష్ కొలంబియా శాసనసభ 2008లోను, కెనడా ప్రధాని పార్లమెంటులో 2016లోను క్షమాపణ చెప్పినారు.

టేలరు వీరుడా, కాడా యని మేము తీర్పు చెప్పబోము. కూలి పుచ్చుకొనుట సిగ్గు కాదని, శ్రమించినవానికి తన శ్రమకు వెలకట్టుకొను హక్కున్నదని నిరూపించిన తొలి తరము ఆటగాండ్రలో అతడు అగ్రగణ్యుడు. నేడు ఏ దేశమున ఏ క్రీడాకారుడు ధర్మముగా జీతము పుచ్చుకొన్నను ఆ తరమునకు ఋణపడి యున్నాడు. కాని తాను గెలుచుకొన్న హక్కును ఎదుటివానియందు గుర్తించుట ఎంత కష్టమో కూడ అతని జీవితమే చెప్పుచున్నది. మంచుపై అతడు వెనుకకు జారుచు కొట్టిన గోలును గూర్చి నూరేండ్లకు పైగా జనులు వాదులాడుకొనుచున్నారు. 1914 మే నెలలో అతడు ఓడ నిచ్చెన నెక్కిన సంగతిని గూర్చి వాదము లేదు. మనవారు 376 మంది ఆ నిచ్చెన పైభాగమున నిలిచి, అతని చేతిలోని కాగితము వంక చూచుచుండిరి.